నిరుటి ధర, ఈ ఏటి పంట

(గుంటూరు బ్రాడీపేటలో డిగ్రీ విద్యార్థులు, మిర్చి రైతులు, యార్డులో పనిచేసే వారు కలిసి కూర్చున్న సభలో ఒక విశ్రాంత అర్థశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. ముందు వరుసల్లో డిగ్రీ చదివే పిల్లలు ఉన్నారు. వెనక యార్డు నుంచి నేరుగా వచ్చిన రైతులు, గుమాస్తాలు, ఇద్దరు ముగ్గురు కోల్డ్ స్టోరేజీ వాళ్లు ఉన్నారు. నేను ముప్పై ఏళ్లు అర్థశాస్త్రం పాఠం చెప్పాను. నల్లబల్ల మీద గిరాకీ గీత ఒకటి కిందికి, సరఫరా గీత ఒకటి పైకి గీసి, రెండూ కలిసిన చోట చుక్క పెట్టి ‘ఇదే ధర’ అని చెప్పేవాణ్ణి. ఆ చుక్క దగ్గర నిలబడి టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, అమ్ముకునే మనిషి మాత్రం నా తరగతిలో ఎన్నడూ కూర్చోలేదు. ఈ రోజు కూర్చున్నాడు. అందుకని ఇవాళ గీతలు గీయను, ఆ మనిషి లెక్కతోనే పాఠం చెబుతాను.

రెండు వార్తలతో మొదలుపెడతాను. 2025 అక్టోబరు నెలలో దేశంలో చిల్లర ద్రవ్యోల్బణం, అంటే జనం అంగట్లో కొనేవాటి ధరలు ఏడాదిలో పెరిగిన వేగం, 0.25 శాతం అని ప్రకటించారు. 2012ను ఆధార సంవత్సరంగా, అంటే పోలికకు మొదలుగా, పెట్టుకొని ఆ ధరలను కొలిచే సూచీలో అంత తక్కువ అంకె అంతకు ముందు రాలేదు. కూరగాయల ధరలు ముందటి ఏడాది అక్టోబరుతో పోలిస్తే 27 శాతానికి పైగా తక్కువ. పట్నంలో నెల జీతం మీద బతికేవాడు సంతోషించాడు, సంతోషించవలసిందే. రెండో వార్త అంతకు కొద్ది వారాల ముందుది, కర్నూలు నుంచి. ఉల్లి ధర కూలిపోయి, క్వింటా రూ.1,200కు మేమే కొంటామని రాష్ట్ర ప్రభుత్వం ముందుకు రావలసి వచ్చింది. మామూలుగా మొదటిది వ్యాపారం పేజీలో వస్తుంది, రెండోది జిల్లా పేజీలో వస్తుంది. మనం రెండు వార్తలుగా చదువుతాం. అవి రెండూ ఒకే వార్త. సూచీని కిందికి లాగిన ఆ ఉల్లిపాయే రైతు గిట్టుబాటునూ కిందికి లాగింది. ఈ సంగతి మీ మనసుల్లో నాటుకుంటే ఇవాళ్టికి నేను వచ్చిన పని అయినట్టే.

ముందు ధర గురించి. ధర అంటే సరుకుకు కట్టిన వెల అని మనం అనుకుంటాం. నిజమే, కానీ అంతకంటే ముఖ్యంగా అది ఒక కబురు. 2021-22లో మన మిర్చి చేలల్లో నల్ల తామర పురుగు పడింది. పూత మీద కూర్చుని రసం పీల్చేసింది. మందు మీద మందు కొట్టినా లొంగలేదు. పూత రాలింది, కాయ నిలవలేదు, దిగుబడి పడిపోయింది. యార్డుకు వచ్చే సరుకు తగ్గింది, ధర లేచింది. ఆ ధరను చూసి ఎవరి పని వారు చేశారు. ఇల్లాలు పచ్చడికి కాయలు కాస్త తక్కువ కొన్నది. కోల్డ్ స్టోరేజీలో బాండు, అంటే సరుకు దాచిన రసీదు, ఉన్నవాడు సరుకు బయటికి తీశాడు. మన తేజ రకాన్ని కొనే చైనా వ్యాపారి తన కొనుగోలు లెక్క మళ్లీ చూసుకున్నాడు. మేడికొండూరు చేలో పురుగు పడిందని అతనికి ఎవరూ ఉత్తరం రాయలేదు. రాయనక్కరలేదు కూడా. ధర ఆ కబురును మోసుకుపోయింది. సరుకు కరువుగా ఉంది, పొదుపుగా వాడండి, వీలైతే ఎక్కువ పండించండి అని అది చెప్పింది. ఇంతమంది మనుషులు ఒకరి మొహం ఒకరు చూడకుండా ఒకే విషయానికి సర్దుకుపోయేట్టు చేసే ఏర్పాటు మరొకటి నాకు తెలియదు. ముప్పై ఏళ్లు పాఠం చెప్పినా నాకు దీని మీద ఆశ్చర్యం తగ్గలేదు.

అయితే ఈ కబురులో ఒక చిక్కు ఉంది. అది చెప్పేది ఈ రోజు సంగతి. వినేవాడు సరుకు తెచ్చేది ఎప్పుడో. టమాటా అయితే మొక్క నాటిన రెండు మూడు నెలలకు కోత మొదలవుతుంది. అందుకే 2023 జులైలో ఆకాశానికి ఎక్కిన టమాటా సెప్టెంబరు వచ్చేసరికి నేలకు దిగింది. మిర్చి అలా కాదు. వానాకాలంలో నారు పోసి, ఆగస్టు, సెప్టెంబరుల్లో నాటితే, కోతలు సంక్రాంతి తర్వాత జోరందుకుంటాయి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా యార్డు ఎర్రగా ఉంటుంది. అంటే మార్చిలో ధర చెప్పిన మాట విని రైతు పంట వేస్తే, ఆ పంట మార్కెట్టుకు వచ్చేది మరుసటి మార్చికి. అప్పటికి ఆ మాట పాతబడిపోతుంది. పైగా ఆ మాట విన్నది ఒక్క రైతు కాదు. పల్నాడు, ప్రకాశం, ఖమ్మం, వరంగల్, అటు కర్ణాటక రైతులందరూ అదే కబురు విన్నారు, అందరూ అదే పని చేశారు.

అర్థశాస్త్రంలో దీనికి సాలెగూడు సిద్ధాంతం అని పేరు. ధరను, పంటను కాగితం మీద ఒక ఏడాది తర్వాత ఒక ఏడాది గీసుకుంటూ పోతే గీతలు సాలెగూడులా చుట్టుకుంటాయి. 1934లో నికొలస్ కాల్డోర్ అనే అర్థశాస్త్రవేత్త ఆ పేరు పెట్టాడు. మా నాన్నకు ఆ పేరు తెలియదు. ఆయన మాటల్లో అది ‘నిరుటి ధర’. మా ఊళ్లో ఒక ఏడాది మిర్చికి మంచి ధర వచ్చింది. మరుసటి ఏడు మా నాన్న రెండెకరాల పత్తి మానేసి అందులో కూడా మిర్చే వేశారు. ఊరంతా వేసింది. కల్లంలో కాయలు ఆరబోసిన రోజున ఊళ్లో కాలు పెట్టే చోటు లేదు. నేను అప్పుడు తొమ్మిదో తరగతి. కల్లం కాపలాకు పడుకున్న రాత్రి మా నాన్న నాతో అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. “నిరుటి ధరకు ఈ ఏటి పంట వేశామురా” అన్నారు. తర్వాత కాలేజీలో ఆ సిద్ధాంతం పుస్తకంలో కనబడితే నాకు కొత్తగా అనిపించలేదు.

ఇటీవలి కథ కూడా అదే. పురుగు పడిన తర్వాత రెండేళ్లు మన యార్డులో మిర్చి క్వింటా రూ.20,000 దాటి పలికింది. 2025 ఫిబ్రవరికి దాదాపు సగానికి పడిపోయింది. చివరికి కేంద్ర ప్రభుత్వం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు రూ.11,781 ధర ప్రకటించింది. మిర్చి కనీస మద్దతు ధర ఉన్న పంటల జాబితాలో లేదు కనుక ప్రతిసారీ ధర పడిపోయాక ఇలాంటి ఏర్పాటు కోసం ఎదురుచూడవలసి వస్తుంది. ఆ ప్రకటన వచ్చేసరికే అప్పులవాళ్ల ఒత్తిడి తట్టుకోలేని రైతులు సరుకు అమ్మేసి ఉంటారు. చిన్న రైతు ఎప్పుడూ మొదట అమ్ముకునేవాడే.

ఇక్కడ కాసేపు ఆగుతాను. పాఠ్యపుస్తకాలు వదిలేసే లెక్క ఒకటి ఉంది. మన దగ్గర అప్పు ‘నూటికి రెండు రూపాయలు’ అంటారు. చెవికి చిన్నగా వినబడుతుంది. అది నెలకు. ఏడాదికి 24 శాతం. ఒక రైతు పెట్టుబడికి రెండు లక్షలు అలా తెచ్చాడనుకోండి. తెచ్చిన రోజున మిర్చి క్వింటా రూ.20,000 ఉంది. అసలు తీర్చడానికి పది క్వింటాళ్లు చాలు అని మనసులో లెక్క వేసుకున్నాడు. ఏడాది తిరిగింది. తీర్చవలసింది రూ.2,48,000. ధర రూ.11,000. ఇప్పుడు ఇరవై రెండున్నర క్వింటాళ్లు అమ్మాలి. ఎకరానికి ఇరవై క్వింటాళ్లు పండితే మంచి పంట అనుకునే చోట ఇది. చేను బాగా పండింది, పురుగు లేదు, వాన కరుణించింది, అయినా ఆ ఎకరం తన అప్పు తాను తీర్చుకోలేకపోయింది. ధరలు పెరగడం ప్రమాదమని మనకు చిన్నప్పటి నుంచీ నేర్పారు. అప్పున్నవాడికి తన సరుకు ధర పడిపోవడం అంతకంటే ప్రమాదం. అతని అప్పు బరువును రూపాయల్లో కాదు, క్వింటాళ్లలో తూచి చూడాలి.

దీనికి తోడు కౌలు. ఎక్కువ కౌలు కడుతున్నాం కనుక మిర్చి ధర ఎక్కువ ఉండాలి అని కొందరు అంటారు. రెండు వందల ఏళ్ల కిందట ఇంగ్లండులో డేవిడ్ రికార్డో అనే అర్థశాస్త్రవేత్త దీన్ని తిరగేసి చెప్పాడు. కౌలు ఎక్కువగా ఉండటం వల్ల ధాన్యం ధర పెరగదు, ధాన్యం ధర పెరగడం వల్లనే కౌలు పెరుగుతుంది అన్నాడు. మన ఊళ్లకు ఇది అతికినట్టు సరిపోతుంది. మిర్చికి మంచి ధర వచ్చిన మరుసటి ఏడు ఉగాది నాటికి ఎకరం కౌలు లేస్తుంది. నేల అంతే, నీళ్లు అంతే, కానీ అడిగేవాళ్లు పెరిగారు. అంటే ధర ఇచ్చిన లాభంలో పెద్ద ముక్క భూమి ఉన్నవాడి చేతికి పోతుంది. ఆ మరుసటి ఏడు ధర పడితే నష్టం మాత్రం కౌలు రైతు ఇంట్లో ఉండిపోతుంది, ఎందుకంటే కౌలు మాట ముందే అయిపోయింది. గుంటూరు, పల్నాడు జిల్లాల్లో మిర్చి చేలో నిలబడి ఉన్న మనిషి చాలాసార్లు ఆ చేను యజమాని కాడు. ధర పెరిగితే రైతు బాగుపడ్డాడు అని రాసే ముందు ఏ రైతు అని అడగాలి. పిల్లలూ, మీరు పరీక్షలో కూడా ఇలాగే అడగండి.

ఇక సూచీ సంగతికి వస్తాను. ఒక్క మిర్చి ధర పెరిగితే అది ద్రవ్యోల్బణం కాదు. మిర్చి కరువైందని కబురు, అంతే. బియ్యం, అద్దె, చొక్కా, బస్సు టికెట్టు, క్షవరం, కూలి అన్నీ కలిసి, అదీ ఆగకుండా పెరుగుతూ పోతుంటే అప్పుడు మారుతున్నది సరుకుల విలువ కాదు, రూపాయి విలువ. రూపాయి చిన్నదవుతోందన్న మాట. ఈ రెండింటికీ వైద్యం వేరు. మొదటిదానికి కావలసింది విత్తనం, నీరు, రోడ్డు, గోదాము. రెండోదానికి కావలసింది డబ్బు మీద అదుపు. మొదటి జబ్బుకు రెండో మందు ఇస్తే రోగికి మేలు జరగదు.

రూపాయి ఎంత చిన్నదవుతున్నదో కొలవడానికి ఒక బుట్ట పెట్టుకుంటారు. దేశంలో సగటు కుటుంబం వేటి మీద ఎంత ఖర్చు పెడుతుందో సర్వే చేసి, ఆ ఖర్చును బట్టి ఒక్కోదానికి బరువు ఇస్తారు. 2012 ఆధార సంవత్సరంగా నడిచిన సూచీలో ఆహారం, పానీయాల బరువు 45.86 శాతం. ఇంటి అద్దె వంటివి 10.07. చదువు 4.46. ఈ బరువులు 2011-12 నాటి ఖర్చుల సర్వే నుంచి తీసుకున్నవి. ఆ తర్వాత జనం ఖర్చు మారిపోయింది. 2023-24 సర్వేలో ఆహారం మీద ఖర్చు పల్లెల్లో 47 శాతానికి, పట్నాల్లో 40 శాతం లోపుకు తగ్గింది. 2011-12లో పల్లె లెక్క దాదాపు 53 శాతం. అందుకే 2024ను ఆధార సంవత్సరంగా తీసుకున్న కొత్త వరుసలో ఆహారం బరువు తగ్గించారు.

సగటు కుటుంబం అన్నాను. ఆ కుటుంబం ఏ వీధిలో ఉంటుందో నేను ఇంతవరకు చూడలేదు. రెండు ఇళ్లు ఊహించుకోండి. యార్డులో మూటలు మోసే ముఠా కార్మికుడి ఇల్లు ఒకటి, నూరు రూపాయల్లో అరవై తిండికే పోతాయి. లక్ష్మీపురంలో అపార్టుమెంటు ఇల్లు ఒకటి, నూరులో ముప్పై తిండికి పోతాయి. ఈ ఏడాది తిండి సరుకులు 10 శాతం, మిగతావి 4 శాతం పెరిగాయనుకుందాం. ముఠా కార్మికుడి ఇంటి ద్రవ్యోల్బణం 7.6 శాతం. అపార్టుమెంటు ఇంటిది 5.8 శాతం. పేపర్లో వచ్చే అంకె ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంటుంది, రెండిళ్లలో ఏ ఒక్కదానిదీ కాదు. అదే విజయవాడలో ఇద్దరు పిల్లల్ని రెసిడెన్షియల్ కాలేజీలో చేర్చిన తండ్రిని అడగండి. 2012 వరుస సూచీలో చదువు బరువు 4.46 అంటే ఆయన ఆ మాట నమ్మడు. ఆయన సంపాదనలో సగం ఫీజులకే పోతూ ఉండవచ్చు. సూచీ అబద్ధం చెప్పడం లేదు. అది దేశం మొత్తానికి ఒకే చొక్కా కుట్టింది.

గుంటూరు వాళ్లకు ఈ విషయంలో ఒక ప్రత్యేకత ఉంది. పారిశ్రామిక కార్మికుల వినియోగ ధరల సూచీ అని ఇంకొకటి ఉంది. కేంద్ర కార్మిక శాఖ కింద ఉన్న లేబర్ బ్యూరో దాన్ని తయారు చేస్తుంది. దేశంలో 88 పారిశ్రామిక కేంద్రాల్లో ధరలు సేకరిస్తారు, అందులో గుంటూరు ఒకటి. మన అంగళ్లలో బియ్యం, కందిపప్పు, పాలు ఎంతకు అమ్ముతున్నారో ఆ లెక్కలో కలుస్తుంది. ఆ సూచీని బట్టే ప్రభుత్వ ఉద్యోగులకు కరవు భత్యం లెక్కగడతారు. నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ అది తీసుకున్నాను, ఇప్పుడు పింఛను మీద కూడా తీసుకుంటున్నాను. బకాయిలు ఆలస్యం కావచ్చు, కానీ సూచీ కదిలితే నా ఆదాయం కదలాలని ఒక ఏర్పాటు ఉంది. మన ఊరి ధరలు పెరిగాయని ఆ సూచీకి చెప్పే అదే బజారులో మూట మోసేవాడికి అలాంటి ఏర్పాటు లేదు. కూలి రేటు ఒప్పందం ముగిసినప్పుడు కూర్చుని బేరమాడుకోవాలి. మిర్చి తొడిమలు తీసే ఆడవాళ్లకు ఆ బేరం కూడా లేదు. ద్రవ్యోల్బణం అందరినీ సమానంగా బాధిస్తుందన్న మాట నేను ఒప్పుకోను.

టోకు ధరల సూచీ గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. అందులో సేవలు ఉండవు. అద్దె లేదు, ఫీజు లేదు, డాక్టరు లేడు. కార్ఖానా సరుకుల బరువే 64 శాతం. ప్రపంచంలో చమురు, ఉక్కు ధరలు దూకితే అది దూకుతుంది. రెండు సూచీలు రెండు దిక్కులకు పోతుంటే గాభరా పడకండి, అవి కొలిచేవి వేరు.

ఇంకా జాగ్రత్తగా చూడవలసింది శాతం. ద్రవ్యోల్బణం శాతం అంటే నిరుటి ఇదే నెలతో పోలిక. నిరుడు జులైలో కిలో వంద ఉన్న సరుకు ఈ జులైలో అరవై అయితే ‘40 శాతం తగ్గింది’ అంటారు. వచ్చే జులైలో తొంభై అయితే ‘50 శాతం పెరిగింది’ అని పెద్ద అక్షరాలతో వేస్తారు. కానీ తొంభై ఇంకా వంద కంటే తక్కువే! రైతుకు మొదటి ఏడాది వచ్చినంత కూడా రాలేదు. 2025లో అంకె అంత కిందికి పోవడానికి ముందటి ఏడాది కూరగాయలు అంత ఎక్కువగా ఉండటం ఒక కారణం. ద్రవ్యోల్బణం తగ్గిందంటే ధరలు తగ్గాయని కాదు, పెరిగే వేగం తగ్గిందని. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే టీవీలో జరిగే వాదనల్లో సగం అర్థమైపోతాయి.

ఇప్పుడు అసలు బాధ. 2016లో రిజర్వు బ్యాంకు చట్టాన్ని సవరించి, చిల్లర ద్రవ్యోల్బణం 4 శాతం దగ్గర, అటూ ఇటూ రెండు శాతం లోపల ఉంచాలని లక్ష్యం పెట్టారు. మంచిదే. రూపాయి చిన్నదైపోకుండా ఎవరో ఒకరు కాపలా ఉండాలి. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి దాకా రెపో రేటును, అంటే రిజర్వు బ్యాంకు మిగతా బ్యాంకులకు ఇచ్చే అప్పు మీద వడ్డీని, 4 శాతం నుంచి 6.5 శాతానికి పెంచారు. దానివల్ల ఇంటి రుణాల వాయిదాలు పెరిగాయి, కొనుగోళ్లు నెమ్మదించాయి. కానీ 2023 జులైలో ద్రవ్యోల్బణం 7.44 శాతానికి ఎగిరితే అందులో పెద్ద వాటా కూరగాయలది. వడ్డీ పెంచితే మదనపల్లెలో టమాటా మొక్క ఎక్కువ కాయదు. అప్పుడు ఎవరేం చేయాలి? ఆహారం బరువు అంత ఉన్న సూచీని తొందరగా కిందికి దించాలంటే ప్రభుత్వం చేతిలో ఉన్న దగ్గరి దారి పంట ధరను తొక్కిపట్టడం. ఎగుమతి ఆపడం, దిగుమతి సుంకం తగ్గించడం, నిల్వల మీద పరిమితి పెట్టడం. 2023 జులై 20న బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి నిషేధించారు. 2024 సెప్టెంబరు చివర దాకా అది సాగింది. కాకినాడ రేవు నుంచి బయటికి పోవలసిన బియ్యం ఆగిపోయింది. బియ్యం కొనే పేదవాడికి కొంత ఊరట దొరికింది, కాదనను. ఆ ఊరట ఖర్చు మాత్రం ప్రభుత్వ ఖజానా భరించలేదు, కృష్ణా డెల్టాలో ధాన్యం అమ్ముకునేవాడి జేబు భరించింది. పేదవాడికి చవకగా అన్నం పెట్టాలనుకుంటే 1983లో రెండు రూపాయల కిలో బియ్యం పథకం తెచ్చినట్టు ప్రభుత్వం తన డబ్బుతో పెట్టాలి. ఖర్చు బడ్జెట్టులో కనబడుతుంది, జనం దాని మీద వాదించుకుంటారు. రైతు ధరను తొక్కిపట్టి పెట్టే అన్నం ఖర్చు ఏ పద్దులోనూ కనబడదు. నాకు దీని మీద కోపం ఉంది, దాచుకోను.

ధరను చట్టంతో కట్టేస్తే ఏమవుతుందో నా వయసు వాళ్లకు తెలుసు. 1982కు ముందు సిమెంటు ధర, పంపిణీ పూర్తిగా ప్రభుత్వం అదుపులో ఉండేవి. మా ఇంటి గోడలు నడుము ఎత్తు దాకా లేచి ఆగిపోయాయి. ఎందుకంటే పర్మిట్టు రాలేదు. పల్నాడులో భూమి నిండా సున్నపురాయి ఉంది, మాచర్లలో సిమెంటు తయారవుతోంది, మా నాన్న చేతిలో డబ్బు ఉంది, కానీ సిమెంటు లేదు. ఆ ధరకు కొత్త ఫ్యాక్టరీ కట్టాలన్న ఆశ ఎవరికీ లేదు. 1982లో కొంత, 1989లో పూర్తిగా అదుపు ఎత్తేశారు. కొద్ది ఏళ్లలో వీధి చివర అంగట్లో బస్తాలు పేర్చి కనబడ్డాయి. ధర చవకగా రాసి ఉన్నా సరుకు దొరకకపోతే అది చవక కాదు. మనం డబ్బుకు బదులు కాలంతో, సిఫారసు ఉత్తరంతో చెల్లిస్తాం. సిఫారసు లేనివాడు అసలు చెల్లించలేడు.

మనుషులు చట్టంలో రాసిన మాట చూసి నడవరు, తమకు దానివల్ల ఏం ఒరుగుతుందో చూసి నడుస్తారు. ఇది తప్పు కాదు, మనిషి లక్షణం. 2004 నుంచి వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది. ఎండిపోతున్న చేనుకు అది ప్రాణం పోసింది. కానీ కరెంటు రాత్రిపూట ఎప్పుడు వస్తుందో తెలియక రైతు మోటారుకు ఆటో స్టార్టరు పెట్టాడు. కరెంటు రాగానే మోటారు దానంతట అదే తిరుగుతుంది, చేనుకు కావలసినా, అక్కరలేకపోయినా. ఆ రైతు సోమరి కాడు, నీటి దొంగ కాడు. నీళ్లు ఆపితే అతనికి మిగిలేది ఏమీ లేదు, ఆపకపోతే పోయేదీ లేదు. అతని జాగాలో ఉంటే నేనూ అదే చేస్తాను. నీళ్లు పొదుపు చేసినవాడికి ఏదైనా మిగిలే ఏర్పాటు చేయకుండా పొదుపు గురించి ఉపన్యాసం చెప్పి ప్రయోజనం లేదు.

మిర్చి దగ్గరకు మళ్లీ వస్తాను. కోల్డ్ స్టోరేజీలు ఈ ఊరి చుట్టూ వందకు పైగా ఉన్నాయి. ధర పడినప్పుడు సరుకు దాచి, లేచినప్పుడు తీయడానికే కదా అవి. అయితే దాచుకునే స్తోమత ఎవరికి ఉంది? కమీషన్ ఏజెంటు దగ్గర అప్పు తెచ్చుకున్న రైతు ఆయన కొట్టుకే సరుకు తేవాలి, ఆయన చెప్పిన రోజునే అమ్మాలి. ధర ‘ఆగు’ అని కబురు చెబుతుంటే, అప్పు ‘అమ్ము’ అంటుంది. స్టోరేజీ బాండు మీద బ్యాంకు నుంచి తక్కువ వడ్డీకి అప్పు పుట్టే మార్గం సన్నకారు రైతుకు, కౌలు రైతుకు కూడా అందితే ఆ కబురు వినే స్వేచ్ఛ అతనికి వస్తుంది. అలాగే ఎన్ని టిక్కీలు స్టోరేజీల్లో మిగిలి ఉన్నాయో యాజమాన్యాలకు తెలుసు, పెద్ద ఎగుమతిదారులకు తెలుసు. నారు కొనడానికి నర్సరీకి వెళ్లే రైతుకు తెలియదు. ఆ లెక్క జులైలో ఊరూరా రైతు సేవా కేంద్రం గోడ మీద అతికించాలని నేను అడుగుతున్నాను. నిరుటి ధర ఒక్కటే కాక, మిగిలి ఉన్న నిల్వ కూడా చూసి రైతు ఎన్నెకరాలు వేయాలో తేల్చుకుంటాడు. దీనికి పెద్ద ఖర్చు లేదు.

ప్రశ్నలు అడగండి.

(రెండో వరుసలో ఉన్న ఒక విద్యార్థిని అడిగింది: “సర్, యార్డులో మిర్చి ధర సగానికి పడిపోతే, అంగట్లో కారం ప్యాకెట్టు ధర సగం కాదేం?”)

మంచి ప్రశ్న అమ్మా. ఆ ప్యాకెట్టులో మిర్చి ఒక్కటే లేదు. మిల్లు కరెంటు ఉంది, కవరు ఉంది, లారీ అద్దె ఉంది, అంగడివాడి లాభం ఉంది, ప్రకటనల ఖర్చు ఉంది. అవేవీ సగం కాలేదు. పైగా ఇవాళ నువ్వు కొనే కారం కొన్ని నెలల కిందట పాత ధరకు కొన్న కాయలతో పట్టినది కావచ్చు. అందుకని కొంత ఆలస్యం, కొంత తక్కువ తగ్గుదల సహజం. ఆ తర్వాత కూడా తగ్గకపోతే అప్పుడు అనుమానించాలి. నువ్వు వేరే కంపెనీ ప్యాకెట్టుకు మారవని అమ్మేవాడికి నమ్మకం ఉంటే ధర దించవలసిన అవసరం అతనికి ఏముంది? ధర పెరిగినప్పుడు నెల తిరగకముందే ప్యాకెట్టు మీద కొత్త అంకె పడుతుంది, తగ్గినప్పుడు ఆ తొందర కనబడదు. దాన్ని నువ్వే లెక్క వేసి చూడవచ్చు. మా ఇంట్లో ఇప్పటికీ మార్చిలో కాయలు కొని, తొడిమలు తీసి, డాబా మీద రెండు ఎండలు పెట్టి, మిల్లులో పట్టిస్తాం. కాయల ధర, తొడిమల తరుగు, పట్టుడు కూలి ఒక కాగితం మీద రాయి. కిలో కారం ఎంతకు పడిందో చూసుకుని, అంగట్లో ప్యాకెట్టు ధర పక్కన పెట్టు. వచ్చే వారం ఆ కాగితం నాకు తెచ్చి చూపించు, తేడాలో ఎంత న్యాయం ఉందో ఇద్దరం కూర్చుని చూద్దాం.